ఆటలమ్మకు వైద్యం: ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ

ఆటలమ్మ సోకిన ఇళ్ళలో రెండు పొరపాట్లు పక్కపక్కనే జరుగుతుంటాయి. ఐదేళ్ళ పిల్లకు ఒళ్ళంతా పొక్కులు లేస్తే కంగారుపడి ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి ఎత్తుకెళ్తారు. ఆయన ఒక సూది వేసి, యాంటీబయాటిక్ గోలీలు చేతిలో పెట్టి పంపుతాడు. రెండు వారాలకు అదే పిల్ల నుంచి ముప్ఫై అయిదేళ్ళ తండ్రికి అంటుకుంటే మాత్రం, "అమ్మవారు పోసింది, మందులు ముట్టకూడదు" అని వేపాకు పరిచిన చాప మీద పడుకోబెడతారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు చాలావరకు మందు అక్కర్లేదు, ఓపిగ్గా చూసుకుంటే చాలు. పెద్దవాడికేమో మొదటి రోజే మందు పడాలి. ఈ జబ్బు గురించి తెలుసుకోవాల్సిన వాటిలో సగం ఈ తేడాలోనే ఉంది.

ఇది వేరిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల వస్తుంది. మశూచితో దీనికి చుట్టరికం లేదు. మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది. 1980లో ప్రపంచమంతటా నిర్మూలన అయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ పోలేరమ్మకూ పోచమ్మకూ మొక్కుకుని బతికిన ఆ కాలపు భయం, భక్తి, నియమాలు అన్నీ పెద్దమ్మవారి నుంచి చిన్నమ్మవారికి వారసత్వంగా వచ్చాయి. ఒకప్పుడు మశూచికి వైద్యం లేదు, నియమమే దిక్కు. ఆటలమ్మకు ఇప్పుడు వైద్యం ఉంది, టీకా కూడా ఉంది. నియమాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

వాటిని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అందులో మంచి చాలానే ఉంది. గుమ్మానికి వేపమండలు కడితే చుట్టాలు లోపలికి రారు, ఇరుగుపొరుగు పిల్లలు ఆటలకు రారు. అంటువ్యాధికి ఇంతకన్నా సులువైన బోర్డు ఎవరు పెట్టగలరు? రోగిని ఒక గదిలో ఉంచడం, అతని దుప్పటి, కంచం వేరుగా పెట్టడం, చలవ చేసే తిండి పెట్టడం, అన్నీ సరైనవే. మెత్తని వేపరెమ్మతో ఒళ్ళు నిమిరితే గోళ్ళతో గీరుకోవడం తగ్గుతుంది. ఇంట్లో పోపు పెట్టకపోవడం వల్ల వైరస్‌కు జరిగేదేమీ లేదు. అయితే నోట్లో కూడా పొక్కులు లేచిన పిల్లకు కారం, పులుపు మంట పుట్టిస్తాయి కాబట్టి పెరుగన్నం, జావ, కొబ్బరినీళ్ళు నిజంగానే హాయి. ఉప్పు పూర్తిగా మానిపించడం, పప్పూ గుడ్డూ ఆపేయడం మాత్రం తప్పు. జ్వరంలో ఉన్న ఒంటికి బలం కావాలి.

స్నానం విషయంలో నియమం దారి తప్పింది. పక్కులు రాలేదాకా ఒంటికి నీళ్ళు తగలనివ్వరు. నిజానికి రోజూ గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తటి బట్టతో రుద్దకుండా అద్దితే దురద తగ్గుతుంది, పొక్కుల్లో చీము పట్టే అవకాశమూ తగ్గుతుంది. చివర్లో పోసే వేపాకు, పసుపు నీళ్ళు మొదటి రోజు నుంచీ పోసినా ఏ దేవతా కోపగించుకోదు. ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన నియమం మందు ముట్టకూడదన్నది. మిగతావి ఇబ్బంది పెడతాయి, ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

జబ్బు నడక తెలిస్తే కంగారు సగం పోతుంది. వైరస్ ఒంట్లోకి చేరిన 10 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువమందికి రెండు వారాలకు అటూ ఇటూగా, జ్వరం, నీరసం మొదలవుతాయి. ముందు పొట్ట, వీపు, ముఖం మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొన్ని గంటల్లోనే అవి నీటిపొక్కులవుతాయి, తర్వాత ఎండి పక్కు కడతాయి. మూడు నాలుగు రోజులపాటు విడతలు విడతలుగా కొత్తవి లేస్తూనే ఉంటాయి. అందుకే ఒకే వీపు మీద చుక్క, పొక్కు, పక్కు మూడూ కనిపిస్తాయి. ఈ కలగాపులగమే ఆటలమ్మకు గుర్తు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, చివరి పొక్కు కూడా పక్కు కట్టేదాకా ఎదుటివారికి అంటుతుంది. దగ్గినా, తుమ్మినా, పొక్కులోని నీరు తగిలినా అంటుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే, అంతకుముందు రానివాళ్ళూ టీకా వేయించుకోనివాళ్ళూ పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. వేపమండ కట్టేసరికే ఇంట్లోవాళ్ళకు అంటుకుని ఉంటుందన్నమాట. ఆ మండ ఊరిని కాపాడుతుంది, ఇంటిని కాపాడలేదు.

పన్నెండేళ్ళలోపు, వేరే జబ్బులేమీ లేని పిల్లలకు ఇంట్లో చేయాల్సింది కొద్దిగానే ఉంది. జ్వరానికి పారాసిటమాల్, బిడ్డ బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, రెండు మోతాదులకు మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలి. దురదకు కాలమిన్ లోషన్ పూయాలి. రాత్రి నిద్ర పట్టకపోతే డాక్టరు రాసే సెటిరిజిన్ లాంటి సిరప్ సాయం చేస్తుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి, పసిపిల్లల చేతులకు మెత్తటి గుడ్డ తొడుగు వేయాలి. తర్వాత మిగిలే గుంటల మచ్చలు చాలావరకు గీరుకోవడం వల్లా, చీము పట్టడం వల్లా వచ్చేవే. పక్కులను పీకకూడదు, నలుగు పెట్టి రుద్దకూడదు. నీళ్ళు బాగా తాగించాలి. వారం, పది రోజుల్లో పిల్ల లేచి ఆడుకుంటుంది.

ఇవ్వకూడనివి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. ఆటలమ్మలో ఆస్పిరిన్ వాడితే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఐబుప్రోఫెన్ కూడా వద్దు, చర్మం లోపలి పొరలకు పాకే తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్లతో దానికి సంబంధం కనిపించింది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కలిపిన సిరప్‌లు మన మందుల షాపుల్లో జ్వరం అనగానే చేతికొస్తాయి, సీసా మీద చదివి చూసుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదం స్టెరాయిడ్. డెక్సామెథసోన్ సూది వేస్తే ఆ పూటకు జ్వరం దిగుతుంది, దురద తగ్గుతుంది, డాక్టరు గొప్పవాడనిపిస్తుంది. కానీ వైరస్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తిని అది అణచేస్తుంది. ఆ తర్వాత జబ్బు ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకవచ్చు. ఆర్.ఎం.పి.లను నేను నిందించడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది వాళ్ళే. కానీ "సూది వద్దండీ, జ్వరానికి పారాసిటమాల్ చాలు" అని తల్లిదండ్రులు ధైర్యంగా చెప్పగలగాలి. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. పొక్కుల్లో చీము పట్టి చుట్టూ ఎర్రగా వాచినప్పుడే దాని అవసరం.

ఇప్పుడు ఆ తండ్రి సంగతి. చిన్నప్పుడు రాని ఆటలమ్మ పెద్దయ్యాక వస్తే పొక్కులు ఎక్కువ లేస్తాయి, జ్వరం ఎక్కువ ఉంటుంది, న్యుమోనియా భయం ఉంటుంది. పొగతాగేవాళ్ళకు ఆ ముప్పు మరీ ఎక్కువ. చల్లని దేశాల్లో దాదాపు అందరికీ బడి వయసులోనే వచ్చిపోయే ఈ జబ్బు, మనలాంటి ఉష్ణ ప్రాంతాల్లో చాలామందికి పెద్దయ్యేదాకా రాదు. కాబట్టి పెళ్ళీడు వచ్చినవాళ్ళలో, కాపురాలు చేసుకుంటున్నవాళ్ళలో రక్షణ లేనివాళ్ళు మన దగ్గర ఎక్కువ. పల్లె నుంచి నగరానికి కూలికో చదువుకో వచ్చి, ఇరుకు గదుల్లో కలిసి ఉండే యువకులకు ఒకరి తర్వాత ఒకరికి సోకడం వెనక ఇదో కారణం.

వీళ్ళకు పనికొచ్చే మందు అసైక్లోవిర్. ఈ మందు వెనకున్న పరిశోధనకు సారథి గెర్ట్రూడ్ ఎలియన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్నవారిలో ఆమె ఒకరు. వైరస్ తన నకళ్ళు తయారు చేసుకునే పనిని ఈ మందు మధ్యలో అడ్డుకుంటుంది. ఇప్పటికే పుట్టిన నకళ్ళను అది చంపలేదు. అందుకే మొదటి పొక్కు కనిపించిన 24 గంటల్లోపు మొదలుపెడితేనే పూర్తి ఫలితం. నాలుగో రోజున మొదలుపెడితే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒరిగేది తక్కువ. పెద్దలకు సాధారణంగా 800 మిల్లీగ్రాముల గోలీ రోజుకు ఐదుసార్లు, ఐదు నుంచి ఏడు రోజులు. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, వాడుతున్నన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగాలి. వాలసైక్లోవిర్ అయితే రోజుకు మూడుసార్లు సరిపోతుంది. ఇవి డాక్టరు రాయాల్సిన మందులు, షాపులో అడిగి కొనుక్కునేవి కావు. అసైక్లోవిర్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, జనరిక్ రకం ఖరీదు కూడా సామాన్యుడు భరించలేనిదేమీ కాదు. అడ్డుపడుతున్నది డబ్బు కాదు, ఆలస్యం. మంగళవారం పొక్కులు లేస్తే శుక్రవారం పెద్దవాళ్ళను అడిగి, ఆదివారం ఆసుపత్రికి వెళ్ళే ఆలస్యం.

పన్నెండేళ్ళు దాటినవాళ్ళందరికీ, ఉబ్బసం లాంటి దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బులూ ఎగ్జిమా లాంటి చర్మవ్యాధులూ ఉన్న పిల్లలకూ, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళకూ మొదటి రోజే డాక్టరు సలహా కావాలి. ఇంట్లో రెండో వ్యక్తిగా జబ్బు పడినవాళ్ళకు మొదటివాళ్ళకన్నా తీవ్రంగా రావడం మామూలే, వాళ్ళ విషయంలో కూడా ముందే అడగడం మంచిది.

గర్భిణి సంగతి వేరు. చిన్నప్పుడు రాని, టీకా లేని గర్భిణికి ఆటలమ్మ రోగి దగ్గర కూర్చున్నా చాలు, ఇంకా పొక్కు లేవకముందే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆమెకు వస్తే న్యుమోనియా ముప్పు ఉంది. మొదటి ఇరవై వారాల్లో వస్తే కడుపులో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. ఆ అవకాశం 2 శాతానికి మించదు, అంటే ఎక్కువమంది పిల్లలు క్షేమంగానే పుడతారు. ఈ మాట కూడా ఆమెకు చెప్పాలి, లేకపోతే భయంతో తొందరపాటు నిర్ణయాలు జరుగుతాయి. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డకు పెద్ద గండం. తల్లి నుంచి రక్షణ అందకుండానే వైరస్ మాత్రం అందుతుంది. అలాంటి బిడ్డకు వేరిసెల్లా ఇమ్యునోగ్లోబులిన్ అనే సూది కావాలి. అది చిన్న ఆసుపత్రుల్లో దొరకదు కాబట్టి కాన్పు పెద్ద ఆసుపత్రిలో జరగాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు ఈ కోవలోకే వస్తారు. వీళ్ళకు మందు నరం ద్వారా ఎక్కించాల్సి రావచ్చు.

ఏ వయసువాళ్ళయినా ఈ గుర్తులు కనిపిస్తే ఇంట్లో ఉంచకూడదు. జ్వరం తగ్గి నాలుగో రోజు తర్వాత మళ్ళీ పెరగడం. పొక్కు చుట్టూ చర్మం ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండడం. ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని దగ్గు. మగతగా ఉండడం, మాట తడబడడం, నడుస్తుంటే తూలడం, ఫిట్స్. పొక్కుల్లో రక్తం కనిపించడం. కంట్లో పొక్కు. పిల్ల నీళ్ళు కూడా తాగకపోవడం, మూత్రం పోయకపోవడం. అప్పుడు 108కి ఫోన్ చేయడమే మొదటి పని. ఫోన్లోనే "ఆటలమ్మ" అని చెప్పాలి, వచ్చేవాళ్ళు సిద్ధంగా వస్తారు.

మరి అంత తీవ్రత లేనప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? మన రెండు రాష్ట్రాల్లో దారులు లేకపోలేదు. పల్లెలో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ముందు తెలియాల్సినవాళ్ళు. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణ పల్లె దవాఖానా, హైదరాబాదులో 2018 నుంచి మొదలైన బస్తీ దవాఖానాలు, వాటి పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన ఏరియా ఆసుపత్రి. ఈ-సంజీవని ద్వారా ఇంట్లో కూర్చునే డాక్టరుకు ఫోన్లో పొక్కులు చూపించవచ్చు. ఆటలమ్మ కంటితో చూసి పోల్చుకోదగ్గ జబ్బు, మామూలు కేసుకు రక్తపరీక్షలు అక్కర్లేదు. అందుకే ఈ జబ్బుకు ఫోన్ వైద్యం చక్కగా సరిపోతుంది. పైగా ఓ.పి. వరండాలో గర్భిణుల మధ్య, పసిపిల్లల మధ్య ఈ రోగిని గంటసేపు కూర్చోబెట్టడం కన్నా చెరుపు లేదు. వెళ్ళక తప్పకపోతే ముందు ఒకరు లోపలికి వెళ్ళి చెప్పి, రోగిని బయట విడిగా ఉంచి, మాస్కు కట్టి, పిలిచాక తీసుకెళ్ళాలి. బస్సులో వద్దు.

నగరాల్లో ఇలాంటి రోగుల కోసమే కట్టిన ఆసుపత్రులున్నాయి. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి 1915లో క్వారంటైన్ ఆసుపత్రిగా మొదలైంది, పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897లో సికింద్రాబాదులో దోమకూ మలేరియాకూ ఉన్న ముడిని విప్పింది ఆయనే. గుంటూరులో జ్వరాల ఆసుపత్రి, విశాఖలో ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. ఈ ఆసుపత్రుల విలువ 2022లో మంకీపాక్స్ భయం వచ్చినప్పుడు బాగా తెలిసింది. గల్ఫ్ నుంచి కామారెడ్డికి వచ్చిన ఒకరికి ఆ అనుమానం వస్తే నల్లకుంటలోనే ఉంచి పరీక్షలకు నమూనాలు పంపారు, ఆ జబ్బు కాదని తేలింది. విదేశాల నుంచి వచ్చాక పొక్కులు లేచినవాళ్ళు, అరచేతుల్లో అరికాళ్ళలో కూడా పొక్కులున్నవాళ్ళు, గజ్జల్లో, మెడ దగ్గర బిళ్ళలు కట్టినవాళ్ళు ఇది ఆటలమ్మే అని సొంతంగా తీర్మానించుకోకూడదు. పసిపిల్లల చేతులకూ కాళ్ళకూ నోటికీ మాత్రమే పొక్కులొస్తే అది చాలాసార్లు హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అనే వేరే జబ్బు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మీద నాకొక పట్టింపు ఉంది. జ్వరం, దగ్గు గోలీల పక్కనే 800 మిల్లీగ్రాముల అసైక్లోవిర్ స్ట్రిప్పులు ప్రతి కేంద్రంలో, ముఖ్యంగా జనవరి నుంచి మే దాకా ఈ జబ్బు తిరిగే కాలంలో ఉండాలి. 24 గంటల్లో పడాల్సిన మందు జిల్లా కేంద్రంలో ఉంటే, పల్లెలో ఉన్న మనిషికి అది లేనట్టే.

ఇక టీకా. దీన్ని తయారు చేసినవాడు మిచియాకి తకహాషి అనే జపాన్ వైద్యుడు. తన చిన్న కొడుకుకు ఆటలమ్మ తీవ్రంగా వచ్చి ఊపిరందక తల్లడిల్లిన రాత్రి ఆయన్ను ఈ పనికి పురికొల్పింది. 1974లో ఆయన టీకా ఫలితాలు వెలువరించాడు. ఇప్పుడు ప్రపంచంలో వాడే టీకాల్లో ఎక్కువ ఆయన టీకాలోని ఓకా అనే వైరస్ రకం నుంచి వచ్చినవే. అమెరికాలో టీకాకు ముందు ఏటా 40 లక్షలమందికి ఈ జబ్బు వచ్చేది, పదివేలకు పైగా ఆసుపత్రిలో చేరేవారు, 100 నుంచి 150 మంది చనిపోయేవారు. తేలికపాటి జబ్బు అనుకున్నదే అందరికీ వస్తే ఇంత అవుతుంది. 1995లో అక్కడ టీకా మొదలైంది, 2006 నుంచి రెండు డోసులు. బ్రిటన్ చాలాకాలం వెనకాడి, 2026 జనవరి నుంచి పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించింది.

మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇది లేదు. పిల్లలకు సర్కారు దవాఖానాలో వేసే ఎం.ఆర్. టీకా తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే. అది వేయించాం కాబట్టి ఆటలమ్మ రాదనుకునే తల్లులు చాలామంది ఉన్నారు. భారత పిల్లల వైద్యుల సంఘం 15వ నెలలో మొదటి డోసు, కనీసం మూడు నెలల ఎడంతో రెండోది వేయమంటుంది. పదమూడేళ్ళు దాటినవాళ్ళకు నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు. ఇవన్నీ ప్రైవేటులో, సొంత ఖర్చుతో. గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకూ ఈ టీకా వేయరు, ఎందుకంటే ఇది బలహీనపరిచిన సజీవ వైరస్. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ముందే వేయించుకోవాలి.

ఉచిత టీకా ఎందుకు లేదన్న ప్రశ్నకు ఖర్చు ఒక్కటే జవాబు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పిన మాట ఇక్కడ కీలకం. పిల్లల్లో 80 శాతానికి పైగా నిలకడగా వేయగలిగితేనే జాతీయ కార్యక్రమంలో పెట్టాలి. సగం సగం వేస్తే వైరస్ తిరగడం తగ్గుతుంది కానీ ఆగదు. టీకా పడని పిల్లలు జబ్బు రాకుండానే పెరిగి, ప్రమాదం ఎక్కువగా ఉండే వయసులో దాని పాలబడతారు. నా భయం ఏమిటంటే, కొన్నవాళ్ళకే టీకా అందే మన పద్ధతిలో ఈ సగం సగం స్థితి చడీచప్పుడు లేకుండా వచ్చేస్తోంది. నగరంలో స్థోమత ఉన్న ఇళ్ళ పిల్లలకు రక్షణ వస్తుంది, కూలి ఇంటి పిల్లవాడికి జబ్బు ఇరవై అయిదో ఏటికి వాయిదా పడుతుంది. తట్టు టీకా విషయంలో ఆ 80 శాతాన్ని దాటి చూపించిన వ్యవస్థే మనకు ఉంది, కాబట్టి దీన్ని సాధించలేమన్న మాట నేను ఒప్పుకోను. పెద్దల్లో ఈ టీకా గురించి ఆరా తీసేది ఎక్కువగా అమెరికా వెళ్ళేవాళ్ళు. అక్కడ స్థిరపడే వీసాకు వైద్యపరీక్షలో దీన్ని అడుగుతారు, చాలా విశ్వవిద్యాలయాలు కూడా రుజువు కోరతాయి.

సంక్షేమ హాస్టళ్ళలో, గురుకులాల్లో, కార్పొరేట్ కాలేజీల డార్మిటరీల్లో టీకాకు ఇంకో ఉపయోగం ఉంది. మొదటి కేసు కనిపించిన మూడు రోజుల్లో, ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు, మిగతా పిల్లలకు వేస్తే చాలామందికి జబ్బు రాకుండా పోతుంది, వచ్చినా తేలికగా వస్తుంది. కానీ జరిగేది వేరు. వార్డెను జబ్బుపడిన పిల్లను అదే సాయంత్రం బస్సెక్కించి ఇంటికి పంపుతాడు. దారిలో బస్సుకు, ఇంట్లో చంటిపిల్లకు, కడుపుతో ఉన్న వదినకు అది చేరుతుంది. హాస్టల్లోనే ఒక గది విడిగా ఉంచి, జబ్బు ఇదివరకే వచ్చిపోయిన మనిషిని చూసుకోవడానికి పెట్టి, మండల వైద్యాధికారికి అదే రోజు కబురు చేయడం మంచిది. పక్కులన్నీ కట్టాక, అంటే చాలావరకు వారానికి, పిల్ల తరగతికి రావచ్చు. పక్కులు రాలేదాకా ఆగనవసరం లేదు. నివారణ పేరుతో పంచే హోమియో గుళికలు టీకా చేసే పని చేస్తాయనడానికి ఆధారం లేదు.

ఒకసారి తగ్గాక ఈ వైరస్ ఒంట్లోంచి వెళ్ళిపోదు. వెన్నుపాము పక్కనున్న నరాల కణుపుల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మళ్ళాక, శక్తి సన్నగిల్లాక, ఒక నరం వెంట నడుముకో పక్కటెముకలకో ఒకే వైపున పట్టీలా పొక్కులుగా లేస్తుంది. దాన్నే సర్పి అంటాం. ఆకుపసర్లు రాయించి, మంత్రం వేయించి కూర్చుంటే పొక్కులు మానినా నరం మంట నెలల తరబడి మిగలవచ్చు. దానికీ అసైక్లోవిరే మందు, 72 గంటల్లోపు మొదలవ్వాలి. కంటి చుట్టూ వస్తే అదే రోజు కంటి డాక్టరు చూడాలి. యాభై దాటినవాళ్ళ కోసం సర్పికి వేరే టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, ఖరీదు మాత్రం ఎక్కువ. సర్పి ఉన్న అవ్వ నుంచి మనవడికి సర్పి రాదు, ఆటలమ్మ వస్తుంది. అందుకని పొక్కులు పక్కు కట్టేదాకా వాటిని బట్టతో కప్పి ఉంచాలి, టీకా పడని చంటిపిల్లలను ఆమె పక్కలో పడుకోబెట్టకూడదు.